హేగ్‌లో మన గడప ఏది?



మోమిన్‌పేట్‌లో ఒక అద్దె గదిలో కలిసి చదువుకుంటున్న మేం కొందరం రాస్తున్న పోస్టు ఇది. పొడుగ్గనే ఉంటది. ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే అప్పుడు తిట్టండి.

పోయిన ఆదివారం గ్రూప్-1 మెయిన్స్ కోసం ఎస్సే ప్రాక్టీస్ పెట్టుకున్నాం. టాపిక్: అంతర్జాతీయ న్యాయస్థానాలు – సంస్కరణల అవసరం. అందరం తలలు వంచి రాస్తుంటే మాలో ఒక చెల్లె పెన్ను పక్కన పెట్టేసింది. "అన్నా, మా నాయన లావణి పట్టా భూమి కేసు పద్నాలుగేండ్ల సంది నడుస్తున్నది. వాయిదా, వాయిదా, మళ్ల వాయిదా. మా నాయన బస్సు కిరాయిలకే ఒక ఎడ్లజత పైసలు పెట్టి ఉంటడు. ఇక్కడి న్యాయమే మాకు అందకపాయె, హేగ్‌ల న్యాయం గురించి నేనేం రాయాలె?" అన్నది. గదిలో ఎవరికీ జవాబు తోచలేదు. కోచింగ్ నోట్సులో మాత్రం జవాబు తయారుగా ఉంది. భద్రతా మండలి విస్తరణ, జడ్జీల ఎన్నికలో ప్రాంతాల సమతుల్యం, తీర్పుల అమలుకు యంత్రాంగం, ఇండియాకు పెద్ద పాత్ర. ఐదు పాయింట్లు, ఒక ముగింపు. మేం కూడా అదే రాశాం. మార్కులు కూడా మంచిగనే పడ్డాయి.

ఆ ఎస్సే తప్పని మా వాదన. ఆ కోర్టులను మార్చాలని చదువుకున్నోళ్లు మాట్లాడేదంతా లోపల కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న దాని గురించే. గడప దాటి లోపలికి ఎవరు రావచ్చన్న ప్రశ్న ఎవరూ అడగరు. మన పంచాయితీ అక్కడ ఉంది.

ముందు కుర్చీ సంగతి చూద్దాం. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో 15 మంది జడ్జీలు. 2017 నవంబర్‌లో మన దల్వీర్ భండారీ రెండోసారి గెలిచినప్పుడు బ్రిటన్ తన అభ్యర్థిని వెనక్కు తీసుకుంది. ఆ కోర్టు పుట్టినప్పటి నుంచి బ్రిటన్ జడ్జి లేకుండా పోవడం అదే మొదటిసారి. టీవీలలో టపాసులు పేల్చినంత పని చేశారు. సంతోషమే, తెల్లోళ్ల కుర్చీ ఒకటి తగ్గింది. తెలుగోళ్లు కూడా ఆ స్థాయికి పోయినవాళ్లే. 1999లో కచ్ దగ్గర పాకిస్తాన్ నౌకాదళ విమానాన్ని మన వైమానిక దళం కూల్చింది. పాకిస్తాన్ ఆ కేసును హేగ్‌కు తీసుకెళ్తే, ఇండియా తరఫున ప్రత్యేక జడ్జిగా కూర్చున్నది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. తమకు విచారణాధికారమే లేదని 2000 జూన్‌లో 14–2 తేడాతో కోర్టు తేల్చింది. హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానానికి 1999 నుంచి 2002 దాకా అధ్యక్షుడు కృష్ణా జిల్లా మనిషి పి. చంద్రశేఖర రావు. వాళ్ల ప్రతిభకు దండం పెడతాం. కానీ ఒక మాట అడుగుతాం: అక్కడ తెలుగు జడ్జి కూర్చుంటే ఒక్క తండాకు, ఒక్క గూడేనికి ఏమన్నా ఒరిగిందా? ఒరగదు. వాళ్ల తప్పు కాదది. మన కేసు వాళ్ల బల్ల మీదికి వచ్చే దారే లేదు.

ఎందుకు లేదంటే ఆ కోర్టు నిబంధనల్లో 34వ అధికరణం మొదటి వాక్యమే తేల్చేసింది. కేసుల్లో కక్షిదారులుగా ఉండగలిగేది దేశాలు మాత్రమే. మనుషులు కాదు, జాతులు కాదు, తెగలు కాదు. పసిఫిక్ సముద్రంలో నౌరూ అని చిన్న దీవి ఉంది. జనాభా సుమారు పన్నెండు వేలే. అక్కడి ఫాస్ఫేట్ తవ్వి తవ్వి దీవిని గుల్ల చేశారని 1989లో ఆస్ట్రేలియా మీద హేగ్‌లో కేసు వేసింది. విచారణ మొదలవ్వకుండా ఆస్ట్రేలియా ఎన్నో అభ్యంతరాలు పెట్టింది. 1992లో కోర్టు ఆ కేసు మేం వింటామన్నది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా రాజీకొచ్చి పరిహారం కట్టింది. నౌరూ వాళ్లకు మా జోహార్లు. ఇప్పుడు లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఒక్క తెలంగాణలోనే లంబాడాలు 20 లక్షల పైన. కోయలు, గోండులు, కొలాములు, చెంచులు, ఎరుకలోళ్లు అందరినీ కలిపితే 30 లక్షలు దాటుతాం. పన్నెండు వేల మందికి జెండా ఉంది గనక కోర్టు ఉంది. 30 లక్షల మందికి జెండా లేదు గనక కోర్టు లేదు. (ఆదివాసీ–లంబాడా పంచాయితీని కామెంట్లలోకి తేవద్దని చేతులెత్తి అడుగుతున్నాం. ఈ ఒక్క విషయంలో మనందరం ఒకే గడప బయట నిలబడి ఉన్నాం.)

"దేశాల మధ్య కోర్టు కదా, దేశాలకే ఉంటది, దాంట్లో తప్పేంది?" అని ఒక అన్న అడిగాడు. నిజంగానే దేశాలకు మాత్రమే అయితే మేం కూడా ఊరుకునేవాళ్లం. హేగ్‌లో ఆ కోర్టు ఉన్న భవనం పేరు శాంతి సౌధం. 1913లో తెరిచారు. కట్టడానికి డబ్బిచ్చింది ఆండ్రూ కార్నెగీ, అమెరికాలో ఉక్కు వ్యాపారి. అదే భవనంలో ఇంకో సంస్థ ఉంది, శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం. అక్కడ కంపెనీ ఒక దేశం మీద కేసు నడపొచ్చు. మధ్యలో ఇంకో దేశం అక్కర్లేదు. పెట్టుబడుల ఒప్పందం కాగితం ఒకటి ఉంటే చాలు. కెయిర్న్ అనే బ్రిటన్ చమురు కంపెనీ ఇండియా వేసిన పాత తేదీల పన్ను మీద అట్లనే పోయింది. 2020 డిసెంబర్‌లో గెలిచింది. 120 కోట్ల డాలర్లు, పైన వడ్డీ. ఇండియా వెంటనే కట్టకపోతే పారిస్‌లో మన ప్రభుత్వ ఆస్తుల మీద కోర్టు ఉత్తర్వులు తెచ్చింది. 2021 ఆగస్టులో మన పార్లమెంటు చట్టాన్నే మార్చింది. కంపెనీకి దాదాపు 7,900 కోట్ల రూపాయలు వాపసు పోయాయి. పన్ను సరైనదా కాదా అన్న తగువులోకి మేం పోవడం లేదు. మేం చూస్తున్నది తలుపునే. ఒకే కప్పు కింద కంపెనీకి ఒక తలుపు, దేశానికి ఒక తలుపు. ఆ కప్పుకు ఇనుము ఇచ్చిన నేల మీద బతికినోళ్లకు కిటికీ కూడా లేదు.

ఇది ఎక్కడో చమురు కథ అనుకుంటే విశాఖ ఏజెన్సీకి రండి. బొర్రా చుట్టుపక్కల గనుల మీద 'సమత' సంస్థ పోరాడితే 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదన్నది. మన తరం తప్పకుండా చదవాల్సిన తీర్పు. ఆ తీర్పును ఎట్ల దాటాలా అని సర్కారు ఆలోచించి, ప్రభుత్వ గనుల సంస్థతో తవ్వించి ఖనిజం కంపెనీకి అమ్మే దారి కనిపెట్టింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాతో ఒప్పందం చేసుకుంది. మాకవరపాలెం దగ్గర ఫ్యాక్టరీ లేచింది. చింతపల్లి వైపు జెర్రెల కొండల్లో బాక్సైట్ తవ్వాలి. 2015 నవంబర్‌లో జీవో 97 వచ్చింది, 1,200 హెక్టార్ల పైచిలుకు అడవి. గిరిజనులు కదిలారు. జీవో ఆగింది. కొండ మిగిలింది.

ఆ తర్వాత ఏమైందో మన గ్రూపులో ఎంతమందికి తెలుసు? ఖనిజం రాలేదు, నష్టపోయామని రాస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ ఇండియా మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి పోయింది. 2013లో ఇండియా, యూఏఈ మధ్య కుదిరిన పెట్టుబడుల ఒప్పందం ఆధారం. అంటే జెర్రెల కొండ పేరు మీద ఒక అంతర్జాతీయ వ్యాజ్యం నడిచింది. ఆ కొండ తనకు అందలేదని బాధపడ్డోడు అక్కడ కక్షిదారు. ఆ కొండ మీద పుట్టి, పోడు కొట్టుకొని, ఊటనీళ్లు తాగి బతికేవాడికి అక్కడ పేరు లేదు. రేపు సర్కారు మనసు మార్చుకొని ఆ కొండను తవ్వించిందే అనుకుందాం, అప్పుడు ఆ గూడెం మనిషి ఏ ఒప్పందం పట్టుకొని ఏ మధ్యవర్తి దగ్గరికి పోవాలె? చంద్రశేఖర రావు గారు అధ్యక్షత వహించిన సముద్ర న్యాయస్థానంలో కూడా, సముద్రం అడుగున ఖనిజాలు తవ్వే కాంట్రాక్టర్ నేరుగా వాదించుకునే ప్రత్యేక విభాగం ఉంది. నీటి కింద తవ్వేటోడికి తలుపు పెట్టారు. నేల మీద తవ్వకం ఆపమనేటోడికి పెట్టడం మర్చిపోయారు. ఇన్నిసార్లు మర్చిపోతే దాన్ని మరుపు అనరు.

మన ఊరి దగ్గరికే వద్దాం. మోమిన్‌పేట్ పేరులోనే పాత రాజ్యం ఉంది. 1948 ఆగస్టు 21న నిజాం సర్కారు ఇండియా మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబర్‌లో పోలీస్ చర్య జరుగుతుండగా పారిస్‌లో మండలి ఆ ఫిర్యాదు మీద కూర్చుంది. అదే నెలలో నిజాం ఖజానా నుంచి 10 లక్షల పౌండ్ల చిల్లర లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు చేరింది. ఆ డబ్బు ఎవరిదన్న తగువు 71 ఏండ్లు సాగింది. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు అది ఇండియాకు, నిజాం వారసులకే చెందుతుందని తేల్చింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. రాజు గోడు వినడానికి ప్రపంచంలో అన్ని తలుపులు ఉన్నాయి, రాజ్యం పోయినంక కూడా ఉన్నాయి. అదే కాలంలో, అదే రాజ్యంలో భూమి కోసం ప్రాణాలిచ్చిన ధర్మాపురం ఠానూ నాయక్ లాంటోళ్ల గోడును ఏ మండలి ఎజెండాలో రాశారు? 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపినంక నిజాం సర్కారు గోండుల దగ్గరికి కోర్టును పంపలేదు. హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన మంచోడే, మంచి పనులు చేశాడు. అయినా మన మీద పుస్తకం రాయడం వేరు, మన ఫిర్యాదు తీసుకోవడం వేరు.

"అన్నా, ఇదంతా గాల్లో మాటలు. ఐదు వీటో దేశాలు ఒప్పుకోకుండా ఆ 34వ అధికరణం మారదు" అంటారు. నిజమే, మారదు. దాన్ని సవరించాలంటే ఐరాస చార్టర్ సవరించినంత పని. తీర్పు వాళ్లకు వ్యతిరేకంగా వస్తే ఏం చేస్తారో 1986లో చూశాం. నికరాగ్వా గెలిస్తే అమెరికా తీర్పును లెక్కచేయలేదు, అమలు చేయమన్న తీర్మానాన్ని భద్రతా మండలిలో వీటో చేసింది. కనుక మేం ముందు పెద్ద తలుపు అడగడం లేదు. సగం తెరిచిపెట్టినా మన దేశమే గడియ వేసి పెట్టిన చిన్న తలుపులు ఉన్నాయి. వాటి గురించి అడుగుతున్నాం. కోచింగ్ నోట్సులో ఇవి లేవు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాం.

పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో ఇండియా 1979లోనే చేరింది. దానికి తోక లాంటి ఇంకో ఒప్పందం ఉంది, ఐచ్ఛిక ప్రోటోకాల్. అందులో చేరిన దేశపు మనిషి ఎవరైనా, తన దేశంలో అన్ని కోర్టులూ తిరిగినంక కూడా న్యాయం దొరక్కపోతే జెనీవాలోని మానవ హక్కుల కమిటీకి నేరుగా ఫిర్యాదు రాసుకోవచ్చు. నేపాల్ 1991లో చేరింది. శ్రీలంక 1997లో, మాల్దీవులు 2006లో చేరాయి. ఇండియా ఈ రోజుకీ చేరలేదు. జాతి వివక్షకు వ్యతిరేకమైన ఒడంబడిక మీద కూడా అంతే. 1968లో సంతకం ఖాయం చేశాం, వ్యక్తుల ఫిర్యాదులను ఒప్పుకునే ప్రకటన మాత్రం ఇవ్వలేదు. పోస్టు డబ్బా పెట్టినట్టే పెట్టి, ఉత్తరం వేసే సందును సిమెంటుతో మూసినట్టు.

ఆ సందు ఉంటే ఏమవుతుందో కెనడాలో శాండ్రా లవ్‌లేస్ అనే గిరిజన మహిళ చూపించింది. అక్కడి చట్టం ప్రకారం ఆ తెగ ఆడమనిషి బయటివాడిని పెండ్లి చేసుకుంటే తెగ హోదా పోయేది, మగమనిషికి పోయేది కాదు. 1977లో ఆమె ఆ కమిటీకి రాసింది. 1981లో కమిటీ కెనడాదే తప్పన్నది. 1985లో కెనడా చట్టం మార్చింది. సైన్యం లేదు, వీటో లేదు, ఒక ఆడమనిషి ఉత్తరం. ఇక్కడ మన మీద మనం కూడా ఒక మాట వేసుకోవాలె. మన తండాలో నాయక్, కార్భారీ, డావ్ కూర్చొని తీర్పు చెప్పిన రోజుల గురించి మనం చాలా గొప్పగా చెప్పుకుంటాం. తగువు ఉన్న మనిషి తానే లేచి నిలబడి చెప్పుకునేవాడు, వకీలు అక్కర్లేదు, వాయిదా లేదు. నిజమే, హేగ్ కన్నా అది నయం. కానీ ఆ పంచాయితీలో మన అమ్మమ్మలు ఎక్కడ కూర్చున్నారు? వాళ్ల మాట వాళ్ల మొగోళ్ల నోటినుంచే వచ్చింది. ప్రపంచ కోర్టులో మన మాట మన దేశం నోటినుంచి రావాల్సిందే అంటే మనకు ఎంత కాలుతుందో, వాళ్లకూ అంతే కాలి ఉంటది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒడంబడికను ఇండియా 1958లో ఆమోదించింది. గిరిజనుల భూమి హక్కు గురించి మాట్లాడిన తొలి అంతర్జాతీయ కాగితం అది. కానీ గిరిజనులను మెల్లగా మిగతా సమాజంలో కలిపేయాలన్న పాత చూపు దానిది. అది సరిపోదని 1989లో 169వ ఒడంబడిక తెచ్చారు. మన భూమి మీద ఏదన్నా చేసేముందు మనల్ని అడగాలని అందులో ఉంది. నేపాల్ 2007లో ఆమోదించింది. మనం ఇప్పటికీ 107 దగ్గరే ఆగాం. అదే 2007లో ఐరాస మూలవాసుల హక్కుల ప్రకటనకు ఇండియా ఓటు వేసింది. ఓటేస్తూ, స్వాతంత్ర్యం వచ్చిననాటి భారతీయులు, వాళ్ల సంతతి అంతా మూలవాసులే అన్నది. ఎంత తెలివి చూడండి. అందరూ మూలవాసులే అయితే ప్రత్యేకంగా హక్కు ఎవరికీ ఉండదు.

మోమిన్‌పేట్‌లో ఉన్న మాకు ఇది ఇంకా ఎక్కువ అవసరం. ఎందుకో ఏజెన్సీ మిత్రులు గమనించాలె. మేం ఎస్టీలమే గాని మా మండలం ఐదో షెడ్యూల్ కింద లేదు. 1/70 చట్టం మాకు వర్తించదు. పెసా వర్తించదు. సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతం హద్దు దగ్గర ఆగిపోతుంది. 2018 చట్టంతో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి, సర్పంచులు వచ్చారు, మంచిదే. కానీ భూసేకరణ నోటీసు వచ్చిన రోజు ఏజెన్సీ గూడెం చేతిలో ఉన్నంత చట్టం కూడా మైదానం తండా చేతిలో ఉండదు. 2024 నవంబర్‌లో మన జిల్లాలోనే, దుద్యాల మండలం లగచర్లలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. అధికారుల మీద దాడి తప్పా, ముందు జరిగిన భూసేకరణ తీరు తప్పా అని గ్రూపులో చాలా కొట్లాడుకున్నాం, మళ్లీ వద్దు. అరెస్టుల తర్వాత రోటిబండ తండా ఆడవాళ్లు ఢిల్లీ దాకా పోయారు. జాతీయ మానవ హక్కుల కమిషన్‌ను, ఎస్టీ కమిషన్‌ను కలిశారు. ఆ తల్లులు పోగలిగిన చివరి గడప అది. ఆ కమిషన్ సిఫారసు చేయగలదు, ఆదేశించలేదు. ఆ గడప దాటి ఇంకో మెట్టు ఉందా అని వాళ్లు అడిగితే, గ్రూప్-1 చదివే మనం ఏం చెప్పాలె?

ఇక దేశం పరువు సంగతి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, ఇంటి గుట్టు బయట పెట్టొద్దు అని మన పెద్దలే అంటారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి దేశద్రోహమంటారు. వాళ్లకు ఒకటే అడుగుతాం. 2017లో కులభూషణ్ జాదవ్ అనే ఒక్క పౌరుడి ఉరి ఆపడానికి ఇండియా తానే హేగ్‌కు పోయింది. 2019 జులైలో 15–1తో గెలిచింది. మేం కూడా చప్పట్లు కొట్టాం. ఒక మనిషి ప్రాణం కోసం అంతర్జాతీయ కోర్టుకు పోవడం దేశానికి గౌరవమైతే, ఒక తండా భూమి కోసం అంతర్జాతీయ కమిటీకి ఉత్తరం రాయడం అవమానం ఎట్లయితది? కంపెనీలకు ఆ తలుపు తెరుస్తూ ఒప్పందాల మీద సంతకాలు పెట్టినప్పుడు సార్వభౌమాధికారం ఎవరికీ గుర్తు రాలేదు. అది మనం గడప దగ్గరికి పోయినప్పుడే గుర్తొస్తది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మాలోనే ఒక తమ్ముడు పెట్టాడు. "గెలిస్తే మాత్రం ఏమొస్తది? కాగితమే కదా." దీన్ని తేలికగా కొట్టేయలేం. కెన్యాలో మావు అడవిలో ఉండే ఒగియెక్ తెగవాళ్లు ఆఫ్రికా మానవ హక్కుల కోర్టులో 2017 మేలో గెలిచారు. 2022లో పరిహారం కట్టమని, భూమికి హక్కు పత్రం ఇవ్వమని అదే కోర్టు మళ్లీ చెప్పింది. 2023 నవంబర్‌లో సర్కారు వాళ్ల ఇండ్లు కూల్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడనే సామెత అక్కడ కూడా ఉండే ఉంటది. నికరాగ్వాలో అవాస్ టింగ్ని అనే తెగ ఊరు ఇంకో కథ. వాళ్ల అడవిలో కలప కొట్టడానికి సర్కారు కొరియా కంపెనీకి అనుమతిస్తే, ఆ ఊరి గోడు అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు దాకా పోయింది. 2001లో గెలిచారు. హక్కు పత్రం చేతికొచ్చింది 2008 డిసెంబర్‌లో. ఏడేండ్లు, 70 వేల హెక్టార్ల పైన. ఒక చోట కాగితం భూమి అయింది, ఒక చోట ఇంకా కాలేదు. మన చెల్లె వాళ్ల నాయన పద్నాలుగేండ్ల సంది తిరుగుతున్నది ఒక కాగితం కోసమే కదా. కాగితం విలువ ఎంతో, అది లేనోడిని అడగాలె.

ఆఫ్రికాకు అట్లాంటి కోర్టు ఉంది, అమెరికా ఖండాలకు ఉంది, యూరప్‌కు ఉంది. ఆసియాకు లేదు. ప్రపంచ జనాభాలో సగానికి పైగా ఉన్న ఖండం. గిరిజనులు అందరికన్నా ఎక్కువ ఉన్న ఖండం. సంస్కరణ మీద ఎస్సే రాసేవాళ్లు ఆ ఒక్క వాక్యంతో మొదలుపెట్టి ఉంటే మాకు ఈ పోస్టు రాసే పనే ఉండేది కాదు.

పైకి అసాధ్యం అనిపించే తలుపులు ఇంతకుముందు కూడా తెరుచుకున్నాయి, అదీ మనోళ్ల దెబ్బకే. నర్మద ఆదివాసీలు సర్దార్ సరోవర్ మీద చేసిన పోరాటంతో ప్రపంచ బ్యాంకు 1991లో స్వతంత్ర సమీక్ష చేయించుకోవాల్సి వచ్చింది. 1993లో ఆ అప్పు ఆగిపోయింది. అదే ఏడాది బ్యాంకు తనిఖీ ప్యానెల్ పెట్టింది. బ్యాంకు డబ్బుతో నడిచే ప్రాజెక్టు వల్ల నష్టపోయిన వాళ్లు ఇద్దరు కలిసి ఫిర్యాదు చేస్తే చాలు. అప్పులిచ్చే బ్యాంకు ఇద్దరు మనుషుల గోడు వింటానన్నది. న్యాయం చెప్పే కోర్టు 30 లక్షల మంది గోడు వినలేనంటున్నది.

ఇంకొక సంగతి, మన లాంటి స్టూడెంట్లది. 2019లో వనువాటు దీవిలో సౌత్ పసిఫిక్ యూనివర్సిటీ లా విద్యార్థులు 27 మంది క్లాసులో కూర్చొని, సముద్రం పెరిగి మన దీవులు మునిగిపోతుంటే దేశాల బాధ్యత ఏంటో హేగ్ కోర్టునే అడిగిద్దాం అనుకున్నారు. వాళ్లు కక్షిదారులు కాలేరు, అదే 34వ అధికరణం. అందుకే తమ ప్రభుత్వాన్ని పట్టుకున్నారు. వనువాటు మిగతా దేశాలను కూడగట్టింది. 2023 మార్చి 29న ఐరాస సర్వసభ్య సభ ఏకగ్రీవంగా కోర్టు సలహా అడిగింది. 2025 జులై 23న కోర్టు జడ్జీలందరూ ఒక్క మాటగా అభిప్రాయం చెప్పారు. వాతావరణాన్ని కాపాడే బాధ్యత దేశాల మీద ఉందని, తప్పితే పరిహారం దాకా పోవచ్చని. వనువాటు జనాభా మన వికారాబాద్ జిల్లాలో మూడో వంతు ఉంటది. ఆ 27 మందికి కూడా ఎవరో అనే ఉంటారు, ముందు పరీక్షలు చూసుకోండ్రి అని.

మేం చేయబోయేది చాలా చిన్న పని. ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో ఇండియా ఎందుకు చేరలేదు, 169వ ఒడంబడికను ఎందుకు ఆమోదించలేదు అని లోక్‌సభలో ప్రశ్న అడగమని చేవెళ్ల ఎంపీకి ఉత్తరం రాశాం. ఒకటిన్నర పేజీ, తెలుగులో. మీ మీ నియోజకవర్గాల్లో మీ ఎంపీకి కూడా ఇదే ఉత్తరం ఇవ్వొచ్చు, పేరు మార్చుకుంటే చాలు. ఆదిలాబాద్, మహబూబాబాద్ ఎంపీ సీట్లు ఎస్టీ రిజర్వుడు, అక్కడి మిత్రులు ముందు కదలాలె. దీన్ని గోర్ బోలీలోకి, గోండీలోకి, కోయలోకి తెలుగు లిపిలోనే మార్చగలిగేవాళ్లు ఇద్దరు ముగ్గురు కావాలె, ఇన్‌బాక్స్‌కు రండి. ఉత్తరంలో తప్పులుంటే కామెంట్‌లో చెప్పండి, దిద్దుకుంటాం. పెన్ను కింద పెట్టిన చెల్లెనే ఉత్తరం చివరి పేరా రాసింది, అదొక్కటి మాత్రం ముట్టుకోవద్దని చెప్పింది.

వచ్చే ఆదివారం పొద్దున 10 గంటలకు మోమిన్‌పేట్‌లో మా గదిలోనే కూర్చుంటున్నాం. మర్పల్లి, నవాబ్‌పేట, పూడూరు వైపు నుంచి వచ్చేవాళ్లు మీ తండాలో నాయకులను, సర్పంచులను, ముఖ్యంగా ఆడవాళ్లను వెంట తీసుకురండి. సంతకం రానోళ్లు వేలిముద్ర వేయొచ్చు. ఆధార్ జిరాక్సు అక్కర్లేదు.